రాచపుండు వ్రాయు లేఖలు

తెలుగు నేర్చు పిల్లలకు గుణింతము చిక్కుగా తోచుటకు కారణము లేకపోలేదు. అక్షరమొక్కటే, దానికి తగిలిన చిన్న గుర్తు అర్థమునే మార్చివేయును. ‘మరి’ యను అమాయకపు మాటకు ఒక్క దీర్ఘము చేరినచో ‘మారి’ యగును, ఊరంతయు భయపడవలసినదే. మన దేహమందలి మాంసకృత్తుల సంగతియు ఇట్టిదే. జీవకణము ఒక మాంసకృత్తును తయారుచేసిన పిదప దానికి భాస్వరమునో, చక్కెర గొలుసునో, క్రొవ్వునో తగిలించును. ఆ గుర్తు పడుటతో కొన్ని మేల్కొనును, కొన్ని నిద్రించును. కణము పెరుగవలెనా, చీలవలెనా, ఆగవలెనా అను ఆజ్ఞలు పెక్కు ఈ గుర్తులతోనే నడచును. రాచపుండు, అనగా నేడందరు క్యాన్సరు అనునది, పట్టిన కణములో ఈ గుణింతము చెడును. చెరిపివేయవలసిన గుర్తు నిలిచిపోవును. కణము చీలుచునే యుండును.

ఈ భాస్వరము సామాన్యముగా ఏ.టి.పి. అను పదార్థము నుండి వచ్చును. ఆ పేరు వద్ద తెలుగువాడు ఒక క్షణము ఆగవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కుతో కలిసి, భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ కొలతనే ఊతగా గొని వారిరువురు కండరములను శోధించి 1929లో ఏ.టి.పి.ని వెలికి తీసిరి. జర్మనీలో లోమన్ కూడ ఆ యేడే దానిని కనుగొనెను. భాస్వరము అంటుటచే మాంసకృత్తు పని మారుననుటను 1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ తేల్చిరి. 1992లో వారికి నోబెల్ బహుమానము లభించినది. సుబ్బారావు 1948లోనే కన్నుమూసెను. ఆ సంవత్సరముననే, ఆయన నడపిన లెడర్లీ ప్రయోగశాల నుండి వచ్చిన అమినోప్టెరిన్ అను మందుతో రక్తపు క్యాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. రోగమునకు వేయు మందును, ఆ రోగము తన వ్రాతకు వాడుకొను సిరాను ఒక్క మనిషి చేతులే తాకినవి. ఆ రెండింటికి నడుమ చుట్టరికమును చూచుటకు ఆయనకు ఆయువు చాలలేదు.

ఇక లేఖల మాట. కణములు అతి సూక్ష్మమైన పొరసంచులను వెలుపలికి విడుచుచుండును. వానిలో చిన్నవి వెంట్రుక మందములో వెయ్యవ వంతు పాటివి. 1967లో పీటర్ వుల్ఫ్ రక్తమునందు వీనిని చూచి ధూళి యనెను. 1983లో సెయింట్ లూయీ, మాంట్రియల్ నగరములలోని రెండు పరిశోధక బృందములు, ఎదుగుచున్న ఎఱ్ఱకణములు అక్కరలేని సరకును ఇట్టి సంచులలో కట్టి పారవేయుటను గమనించినవి. చాలకాలము పండితులు వీనిని చెత్తబుట్టలుగనే యెంచిరి. చెత్త యనుకొన్నది ఉత్తరమని మెల్లగా తెలియవచ్చినది. 2015లో న్యూయార్కులో డేవిడ్ లైడెన్ బృందము, క్యాన్సరు కణముల సంచులపై నుండు ఇంటెగ్రిను అను మాంసకృత్తుల రకమును బట్టి అవి ఊపిరితిత్తులకో, కాలేయమునకో చేరి, రాబోవు కణితికి ముందుగా పడక పరచునని చూపినది. అది చిరునామా వ్రాసిన కవరు వంటిది.

కవరు వలన మరియొక ప్రయోజనము కలదు. రక్తములో భాస్వరపు గుర్తులను చెరిపివేయు ఎంజైములు తిరుగుచుండును. విడిగా ఈదు మాంసకృత్తుపై ఆ గుర్తు నిలుచుట కష్టము. సంచిలోనిది మాత్రము పొర చాటున భద్రముగా నుండును. ఈ కిటుకును ఆధారము చేసికొని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఆండీ టావో బృందము, కొద్దిపాటి రక్తపు ప్లాస్మాలోని సంచుల నుండి భాస్వరము గల మాంసకృత్తు తునుకలను సుమారు 10,000 గుర్తించి 2017లో ప్రకటించినది. రొమ్ము క్యాన్సరు గలవారిలో, ఆరోగ్యవంతులలో కంటె ఎక్కువగా నున్న మాంసకృత్తులు 144 తేలినవి.

ఇట్టి వార్త వినగానే పొంగిపోరాదు. 2015లో హూస్టనులోని రఘు కల్లూరి బృందము, చక్కెర గొలుసులు మోయు గ్లిపికన్-1 అను మాంసకృత్తు గల సంచులతో క్లోమపు క్యాన్సరును తొలిదశలోనే పట్టవచ్చునని ప్రకటించినది. లోకము సంబరపడినది. పిదప ఇతర ప్రయోగశాలలలో అంత స్పష్టమైన భేదము అన్నిచోట్ల కనబడలేదు. సంచులను వేరుచేయు పద్ధతి మారినచో ఫలితమును మారుచున్నది.

తెనాలి నుండి రేపల్లె పోవు రైలుదారిలో జంపని కలదు. అట్టి ఊరిలో ఒక ఇల్లాలు రొమ్ములో గడ్డను చేతితో తడిమి, నొప్పి లేదు గదా యని ఊరకుండుట వింత కాదు. మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరే ఎక్కువ. తొలుత అది నొప్పి పెట్టకుండుటయే సామాన్యము. తుదకు తెనాలికో, గుంటూరుకో పోయి సూదితో ముక్క తీయించుకొనవలెను. ఆ ముక్క ఆనాటి సంగతి మాత్రమే చెప్పును. మందు మొదలిడిన పిదప కణముల గుర్తులు మారును; నెలనెలకు ముక్క తీయుట ఎవరికి సాధ్యము? రక్తమైనచో తీయవచ్చును.

అయితే ఈ సంచుల భాస్వరపు పరీక్ష ఇంకను సామాన్య వైద్యములోనికి రాలేదు. రక్తము గొట్టములోనికి వచ్చిన తరువాత కూడ అందలి కణికలు క్రొత్త సంచులను విడుచుచునే యుండును. ఆలస్యమైన కొలది రోగి ఉత్తరములలో గొట్టపు ఉత్తరములు కలిసిపోవును. కనుక వెంటనే తిప్పి కణములను వేరుచేసి, ప్లాస్మాను గడ్డకట్టించి పంపవలెను. జంపనిలో తీసిన రక్తము ఎండవేళ రైలెక్కి గుంటూరు చేరులోగా చెడకుండ కాపాడుట యెట్లో, ప్రయోగశాలలవారు మొదట తేల్చవలసిన లెక్క అదియే.