కణములోని కత్తెర

బుద్ధియు నడకయు నెదుగని బిడ్డ పుట్టినచో మన యిండ్లలో ముందుగా మాటపడునది తల్లియే. గ్రహణమునాడు కదలినదనియు, పథ్యము తప్పినదనియు, పుట్టినింటివారి రక్తములోనే దోషమున్నదనియు నలుగురును నిశ్చయింతురు. ఈ నిశ్చయము లెంతవరకు తగునో విచారించుటకై సోదరీమణుల కొక సూక్ష్మవస్తువును పరిచయము చేయదలచితిమి. దాని పేరు ఇంటిగ్రేటరు.

కణములోని జన్యువునకు మొదట ఆర్.ఎన్.ఏ. యను నకలు తీయబడును. ఆ నకలునుబట్టి మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, తయారగును. అయితే నకలు నడుమ పనికిరాని భాగములుండును. వానిని తీసివేసి తక్కిన ముక్కలను కూర్చి కుట్టవలెను. ఈ కుట్టుపనికి సూదులవంటివి యు1, యు2 మొదలైన కొన్ని చిన్న ఆర్.ఎన్.ఏ.లు.

వీని మర్మము తెలియుటలో స్త్రీల పాలు కలదని చెప్పుట మాకు సంతోషము. 1979, 1980 సంవత్సరములలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జోన్ స్టైట్జ్ అను విదుషీమణియు, ఆమె శిష్యుడు మైకేల్ లెర్నరును లూపసు రోగుల రక్తమును సాధనముగా గొని పరిశోధించిరి. ఆ వ్యాధి వచ్చినవారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలే. వారి రక్తము తమ కణములలోని వస్తువులనే శత్రువులని భ్రమించి పట్టుకొనును. చిన్న ఆర్.ఎన్.ఏ.లును, వానిని అంటియున్న మాంసకృత్తులును ఆ పట్టునకు చిక్కినవి. రోగమే పరిశోధకులకు గాలమైనది!

సూది పుట్టినప్పుడే పదునుగా నుండదు. చిన్న ఆర్.ఎన్.ఏ. కొస మొదట కావలసినదానికంటె పొడవుగా నుండును. ఆ మిగులు కొసను కత్తిరించునదే ఇంటిగ్రేటరు. రమీన్ షీఖట్టర్ బృందము 2005లో దీనిని వెల్లడించెను. ఇది యొక్క మాంసకృత్తు గాదు. ఇంచుమించు పదునైదింటి ఉమ్మడి కుటుంబము. కత్తెర పట్టునది పదునొకండవది, తొమ్మిదవది దాని జోడు. ఎనిమిదవది తాను కత్తిరింపదు. అయినను అది చెడినచో సంసారమే సడలును.

2017లో నెదర్లాండ్స్ వైద్యులు, తదితర శాస్త్రజ్ఞులతో గూడి, ఒకే యింటి మువ్వురు తోబుట్టువుల సంగతి ప్రకటించిరి. వారికి బుద్ధి వికసింపలేదు, మూర్ఛలు వచ్చుచుండెను, కాలుసేతులు బిగుసుకొనెను. పరీక్షింపగా ఎనిమిదవ మాంసకృత్తు జన్యువు రెండు ప్రతులును చెడియుండెను. ఈ మాంసకృత్తు 995 పూసల హారమువంటిది. ఒక ప్రతిలోని లోపము మూడే మూడు పూసలు! అంతమాత్రమున కూటమి సడలి, చిన్న ఆర్.ఎన్.ఏ.ల కొసలు సరిగా తెగవయ్యెను.

ప్రతి జన్యువునకు ఒక ప్రతి తల్లినుండియు, ఒకటి తండ్రినుండియు వచ్చును. ఒక్కటే చెడినవారు సుఖముగా నుందురు. తమ సంగతి తామెరుగరు. భార్యాభర్త లిద్దరును అట్టివారైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొక పాలు అపాయము. ఇందు గ్రహణమునకు చోటు లేదు. తల్లి యెంత కారణమో తండ్రియు నంతే. మేనరికములలో పూర్వులనుండి ఒకే చెడిన ప్రతి యిరువురకును దిగుట కవకాశము హెచ్చు.

చెడిన ప్రతిని బాగుచేయు మందు ఈ వ్యాధికి లేదు. కాని ఇట్టి బిడ్డ గల దంపతులు మరల గర్భము ధరింపకముందే జన్యువైద్యుని చూచుట మంచిదని మా తలంపు. అక్కడ భార్య రక్తముతో పాటు భర్త రక్తమును అడుగుదురు. మా అబ్బాయికెందుకని అత్తగారు ప్రశ్నించినచో వైద్యుడే ప్రత్యుత్తరము చెప్పును.