కూతకొచ్చే పిల్ల: బడి కామిక్‌లో ప్రత్యర్థిని తీర్చడం

బడి పత్రికకు కామిక్ గీయమంటే పిల్లలు కథానాయకుణ్ణి పది నిమిషాల్లో తయారుచేస్తారు. పేరు, జుట్టు, చొక్కా రంగు, ఇష్టమైన తిండి, అన్నీ వచ్చేస్తాయి. ప్రత్యర్థి దగ్గరికొచ్చేసరికి పని సగంలో ఆగిపోతుంది. కనుబొమలు వంకరగా గీసి, పెదవి ఒక పక్కకు లాగి, ‘వీడు చెడ్డోడు’ అని తేల్చేస్తారు. ఆ పిల్లవాడు కారులోంచి దిగుతాడు, ఎవరిదో అన్నం క్యారియర్ తన్నేస్తాడు, చివరి పేజీలో బురదలో పడతాడు. చదివేవాళ్లు ఒకసారి నవ్వుతారు. రెండో సంచికకు వచ్చేసరికి ఆ పిల్లవాడికి చేయడానికి పనేమీ మిగలదు, కథ అక్కడితో నీరసపడిపోతుంది.

ప్రత్యర్థి, విలన్ ఇద్దరూ ఒకటి కాదు. విలన్ కథానాయకుడికి చెరుపు కోరతాడు. ప్రత్యర్థి కథానాయకుడు కోరిందే తనూ కోరతాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే, అది దక్కేది ఒక్కరికే. బడిలో అలాంటివి బోలెడు ఉంటాయి: క్లాసు లీడరు పదవి, ఆగస్టు 15న జెండా దగ్గర మాట్లాడే అవకాశం, కబడ్డీ జట్టు కెప్టెన్సీ. అందుకే బడి కథకు విలన్ కంటే ప్రత్యర్థే ఎక్కువ పనికొస్తాడు.

నెల్లూరు తీరంలోని పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఈ నేల మీద పుట్టిన కాటమరాజు కథ ఉంది. గొల్లల ఇళ్లల్లో తరతరాలుగా పాడుతూ వచ్చిన కథ ఇది. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ పాటలను సేకరించి అచ్చుకు ఎక్కించారు. 13వ శతాబ్దం నాటి సంగతి. కరవు వచ్చి మేత లేక కాటమరాజు తన ఆవుల మందలను నెల్లూరు రాజ్యంలోని బీళ్లకు తోలుకొచ్చాడు. కథలో ఆ రాజు పేరు నల్లసిద్ధి. గడ్డి మేపుకోనిచ్చినందుకు పుట్టిన కోడెదూడలను ఇవ్వాలని ఒప్పందం. తర్వాత చెడింది. అంతఃపురంలోని ఒకామె పెంపుడు చిలుక గొల్లల చేతిలో చచ్చిపోయిందనీ, ఆ కోపంతో ఆమె ఆవులను చంపించిందనీ పాడతారు. ఆవులను చంపించినవాళ్లకు పుల్లరి, అంటే ఆ మేత పన్ను, కట్టేది లేదన్నాడు కాటమరాజు. గడ్డి మేసిన మాట నిజం కదా, పుల్లరి కట్టాల్సిందే అన్నాడు రాజు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది.

ఈ తగాదాలో ఎవరిది తప్పు? పాట విన్నంతసేపూ గొల్లల పక్షానే ఉంటాం, ఎందుకంటే పాట వాళ్లది. కానీ నెల్లూరు కోట వైపు కూర్చుని అదే కథ మొదటినుంచి చెప్పుకోండి. పరాయి మందలు వచ్చాయి, గడ్డి తిన్నాయి, మాట ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వలేదు. ఆ వైపు నుంచి కూడా కథ నిలబడుతుంది. నా దృష్టిలో ప్రత్యర్థి పాత్రకు పరీక్ష ఇదొక్కటే: అతని వైపు కూర్చుని కథంతా చెప్పగలగాలి, అలా చెప్పినప్పుడు వినేవాళ్లకు ‘అవును కదా’ అనిపించాలి. అనిపించకపోతే ఆ పాత్ర ఇంకా తయారు కాలేదు.

అదే యుద్ధంలో నెల్లూరు సేనను నడిపినవాడు ఖడ్గ తిక్కన, భారతం తెనిగించిన తిక్కన సోమయాజికి అన్నదమ్ముల వరస. పోరులో నిలవలేక ఇంటికి తిరిగొస్తే భార్య అతని స్నానానికి మంచం అడ్డం పెట్టి, నీళ్ల దగ్గర పసుపు ముద్ద ఉంచిందని చెప్పుకుంటారు. యుద్ధం వదిలి వచ్చినవాడివి, ఇక ఆడవాళ్లలాగే స్నానం చేయమని దాని అర్థం. అతను మళ్లీ వెళ్లి పోరాడి చనిపోయాడు. ఆడతనాన్ని తక్కువచేసే ఆ ఎత్తిపొడుపు ఈ కాలానికి పనికిరాదు. అయినా కథ కట్టేవాళ్లు అందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది: ఓడినవాడు ఇంటికి వెళ్తే అక్కడ ఎవరుంటారు, ఏమంటారు? కామిక్‌లో ప్రత్యర్థి ఇల్లు ఒక్క గడిలోనైనా కనిపించాలి. పిల్లలు గీసే కామిక్‌లలో దాదాపు ఎప్పుడూ లేకుండా పోయేది ఆ గడే.

ఇప్పుడు ఒక జంటను కట్టి చూద్దాం. మైపాడు చుట్టుపక్కల ఒక పట్టపుపాలెం, పక్కనే జిల్లా పరిషత్ హైస్కూలు అనుకుందాం. ఇద్దరమ్మాయిలు, ఎనిమిదో తరగతి, ఒకే కబడ్డీ జట్టు. కథానాయిక కోటేశ్వరి, అందరూ కోటి అంటారు. ప్రత్యర్థి శైలజ, శైలు. పేర్లు చూడగానే వేరుగా తెలియాలి. కావ్య, దివ్య అని పెడితే పేజీలు చకచకా తిప్పే పిల్లలు తికమకపడతారు.

కోటి నాన్న సముద్రం మీదికి వెళ్తాడు. సెలవు రోజుల్లో ఒడ్డున పెద్ద వల లాగేవాళ్లతో పాటు కోటి కూడా తాడు పట్టుకుంటుంది. అందుకే ఆమె పట్టు గట్టిది. కూతకు వచ్చినవాళ్ల కాలు దొరికిందంటే వదలదు. శైలు నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. తెల్లారకముందే ఆమె నాన్నతో కలిసి మేత చల్లుతూ సన్నటి గట్ల మీద పరిగెత్తుతుంది, తడి మట్టి మీద కాలు జారకుండా. అందుకే ఆమె కూతకు పోతే అందదు. ఒకరి బలం చేతుల్లో, ఇంకొకరి బలం పాదాల్లో. రెండూ ఆ ఊరి పనుల్లోంచి వచ్చినవే. గుంట యజమాని కూతురిగా శైలును పెడితే సులువుగా ఉండేది, కానీ డబ్బున్న పిల్ల, లేని పిల్ల అన్న పాత కథలోకి జారిపోయేవాళ్లం. ఇద్దరూ ఒకే అంతస్తు నుంచి వచ్చినప్పుడు చదివేవాళ్లకు పక్షం ఎంచుకోవడం కష్టమవుతుంది. ఆ కష్టమే మనకు కావాలి.

ఇద్దరికీ కెప్టెన్సీ కావాలి. ఎందుకు కావాలన్నది మాత్రం వేరుగా ఉండాలి. కోటికి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధంలో పనిలేక ఇంట్లో కూర్చున్న నాన్న ముఖంలో బడి తెరవగానే ఒక సంతోషం చూడాలని ఉంది. శైలు కుటుంబం గుంట కౌలు మారినప్పుడల్లా ఊరు మారుతుంది. ఇది ఆమెకు మూడో బడి. ఈ బడిలోనైనా తన పేరు గోడమీద రాసి ఉండాలని ఆమె కోరిక. ఇంత తెలిశాక ఆమె కనుబొమలు వంకర గీయబుద్ధి కాదు.

ప్రత్యర్థి మొదటిసారి ఎలా కనిపించాలన్నది పెద్ద విషయం. దీనికి భారతంలోని కుమారాస్త్ర విద్యా ప్రదర్శనను మించిన పాఠం నాకు కనిపించలేదు. ద్రోణుడి శిష్యులంతా జనం ముందు విద్య చూపుతున్నారు, అర్జునుడి వంతు అయింది, అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు కర్ణుడు లోపలికి వచ్చి, అర్జునుడు చేసినవన్నీ తానూ చేసి చూపించాడు. తిట్టలేదు, కాలు అడ్డం పెట్టలేదు. అవే పనులు అంత బాగానూ చేశాడు. ఆ తర్వాత కృపాచార్యుడు కులగోత్రాలు అడగడం, కర్ణుడు తలవంచుకోవడం, దుర్యోధనుడు అంగరాజ్యం ఇవ్వడం జరిగాయి. విద్యలో తక్కువ కానివాణ్ణి పుట్టుక అడిగి నిలబెట్టేశారు. కర్ణుడి మిగతా జీవితమంతా ఆ నిమిషంలోంచే వస్తుంది. ఆ ఘట్టం నన్నయ్యది. విరాటపర్వం నుంచి భారతాన్ని అందుకున్నది నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన. కర్ణుడు కూలిపోయే ఘట్టం ఆయన వంతుకే వచ్చింది.

మన కామిక్‌లో శైలు కూడా కర్ణుడిలాగే రావాలి. మొదటి పేజీలో కోటి ముగ్గురిని వరసగా పట్టేసింది. పీఈటీ సారు మెచ్చుకుంటున్నారు. కొత్తగా చేరిన పిల్ల చెప్పులు విడిచి గీత దాటి కూతకు వచ్చింది, కోటి చేతిని తప్పించుకుని వెనక్కి వెళ్లిపోయింది. అంతే. ఆ పేజీలో శైలు ఒక్క మాటా అనకూడదు, కూత తప్ప.

బొమ్మ సంగతికి వస్తే, ఇద్దరినీ నల్లటి నీడగా గీసినా ఎవరెవరో తెలియాలి. కోటి పొట్టి, భుజాలు వెడల్పు, కాళ్లు నేలకు బిగించి నిలబడుతుంది. శైలు పొడుగు, బరువెప్పుడూ మునివేళ్ల మీదే. కబడ్డీ దీనికి బాగా కలిసొస్తుంది: కూతకు వెళ్లే మనిషికి ఉండేది 30 సెకన్లు, ఎదురుగా ఏడుగురు. గళ్లను సన్నగా, పక్కపక్కన పేర్చుకుంటూ పోయి, పట్టు దొరికిన చోట పేజీ అడ్డంగా ఒకే పెద్ద గడి ఇస్తే ఊపిరి బిగబట్టడం చదివేవాళ్లకూ తెలుస్తుంది. అన్ని గళ్లూ ఒకే కొలతలో గీస్తే ఆట కూడా చప్పబడిపోతుంది.

మాటలు ఊరివై ఉండాలి. బుడగలో ‘నేను నిన్ను ఓడించి తీరుతాను’ అని రాస్తే ఏ పిల్లా అలా మాట్లాడదని చదివే పిల్లలకే తెలుసు. ‘ఏందే, అప్పుడే అలిసినావా?’ అని కోటి అంటే, ‘నువ్వు పట్టుకుంటే గదా అలిసేది’ అని శైలు అంటే చాలు. శైలు మాటలు పొదుపుగా వాడాలి. తక్కువ మాట్లాడే ప్రత్యర్థి మనసులో ఏముందోనని చదివేవాళ్లే ఊహిస్తూ ఉంటారు.

ఒకే జట్టులో ఇద్దరు ప్రత్యర్థులను పెట్టి కథను ఎంత దూరం లాగవచ్చో జపాన్ రచయిత తకెహికో ఇనొవె చూపించాడు. 1990 నుంచి 1996 దాకా వారపత్రికలో వచ్చిన ఆయన ‘స్లామ్ డంక్’ హైస్కూలు బాస్కెట్‌బాల్ కథ. సకురాగికి రుకావా అంటే ఒళ్లు మంట, రుకావాకు సకురాగి పేరెత్తడమే చిరాకు. ఏళ్ల తరబడి అలాగే సాగి, ఆఖరి ఆటలో చివరి క్షణాన రుకావా బంతిని సకురాగికే అందిస్తాడు. అతను వేస్తాడు, గెలుస్తారు, ఇద్దరూ చేయి చేయి చరుచుకుంటారు. ఆ పేజీలలో మాటలు దాదాపు లేవు. కౌగిలింతలు, క్షమాపణలు లేవు. మరుక్షణమే ఇద్దరూ మొహాలు తిప్పుకుంటారు. పిల్లల కథల్లో ప్రత్యర్థులు చివరికి ప్రాణస్నేహితులు అయిపోవాలన్న తొందర మన పెద్దలకు ఎక్కువ. ఒకరి ఆటను ఒకరు గుర్తించడం చాలు. స్నేహం కుదరకపోయినా గౌరవం కుదురుతుంది, పిల్లలు దాన్ని మనకంటే ముందే అర్థం చేసుకుంటారు.

మార్కుల పోటీని కథావస్తువుగా తీసుకుంటామని చాలామంది అంటారు. కోచింగులకు పేరుపడ్డ నెల్లూరులో అది సహజమే. నేను మాత్రం వద్దనే చెబుతాను. మొదటి కారణం గీతకు సంబంధించింది: మార్కులు బొమ్మలో కనిపించవు, కనిపించేది కాగితం మీద అంకె. రెండో కారణం ఇంకా బరువైనది. ర్యాంకుల ఫొటోలు, ఫ్లెక్సీలు పిల్లలను ఎంత నలిపాయో ఈ ఊళ్లకు తెలుసు. పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను రాష్ట్ర ప్రభుత్వం 2022లో నిషేధించాల్సి వచ్చింది. పక్క బెంచీ పిల్ల తనకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే ఆ పిల్ల శత్రువన్నట్టు చెప్పే కథ ఇంకొకటి మన చేతులతో గీసి పిల్లలకు ఇవ్వకూడదు. చదువే కథ కావాలంటే సైన్సు ఫేర్ తీసుకోండి. శ్రీహరికోట నుంచి పైకి లేచే రాకెట్‌ను బడి ఆవరణలోంచే చూసే పిల్లలున్న తీరం ఇది. నీళ్ల రాకెట్ ఎవరిది ఎక్కువ ఎత్తు పోతుందన్న పోటీ బొమ్మకు పండగ.

ఎన్ని పేజీలు గీయాలని బెంగ అక్కర్లేదు. వరల్డ్ కామిక్స్ ఇండియా స్థాపకుడు శరద్ శర్మ దేశమంతా తిరిగి నేర్పింది నాలుగు గళ్ల గోడ కామిక్: రెండు ఏ4 కాగితాలు అతికించి, నాలుగు గళ్లలో కథ ముగించి, ఊళ్లో గోడకు అంటించడం. శైలుతో మొదటి కథ ఆ కొలతలోనే ప్రయత్నించవచ్చు. మొదటి గడిలో కోటి పట్టు, రెండో గడిలో శైలు తప్పించుకోవడం, మూడో గడిలో తెల్లారకముందే గట్టు మీద మేత బకెట్‌తో పరిగెత్తుతున్న శైలు, నాలుగో గడిలో అదే గట్టు మీద, ఆమెకు కొంచెం వెనకగా, కాలు జారుతూ పరుగు నేర్చుకుంటున్న కోటి.

ఈ నాలుగు గళ్లలో ఎవరు గెలిచారో చెప్పలేదని పిల్లలు గొడవ చేస్తారు. చేయనివ్వండి. సగం మంది కోటి కెప్టెన్ కావాలంటే, సగం మంది శైలు కావాలంటే పాత్ర కుదిరినట్టే. అందరూ ఒకే పేరు చెప్తే రెండో అమ్మాయి ఇంటికి మళ్లీ వెళ్లి, ఆమెకు కెప్టెన్సీ ఎందుకు కావాలో ఇంకోసారి రాసుకోవాలి. రెండో సంచికలో శైలును కథానాయికగా, కోటిని ప్రత్యర్థిగా పెట్టి గీయించండి. బొమ్మలు మార్చక్కర్లేదు, పేర్లు మార్చక్కర్లేదు. కథ ఎవరి ఇంట్లో మొదలవుతుందో అదొక్కటి మారితే చాలు.