ముసఖ్ఖన్: గరం మసాలా డబ్బా పక్కన పెట్టి చేసే పాలస్తీనా చికెన్ రోస్ట్

ఈరోజు చికెన్ రోస్ట్ గురించి మాట్లాడుకుందాం. అయితే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకుండా రెసిపీ చెబితే, మీరూ అదే తప్పు చేస్తారు.

షార్జాలో నేను పనిచేసే ఆఫీసులో నా పక్క సీటు ఒక పాలస్తీనా అక్కది. వాళ్లది తుల్కరమ్ దగ్గర ఒక పల్లె. ఒక ఏడాది నవంబర్‌లో వాళ్ల ఇంటి నుంచి కొత్త ఆలివ్ నూనె వచ్చింది. అందులోంచి అర లీటరు సీసా నాకిచ్చి, "దీంతో ముసఖ్ఖన్ చేసుకో" అని ఎలా చెయ్యాలో చెప్పింది. నేను సగమే విన్నాను. చికెన్ రోస్టే కదా, మనకి తెలీదా అనుకున్నా. అల్లం వెల్లుల్లి పేస్ట్, కారం, గరం మసాలా, పెరుగు... అన్నీ దట్టించి, ఆ నూనె మొత్తం పోసి చేశాను. బాక్సులో పెట్టి తీసుకెళ్లాను కూడా. ఆవిడ ఒక ముక్క తిని, "బావుంది, కానీ ఇందులో మా నూనె ఎక్కడుంది?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర మాత్రం సమాధానం లేదు.

ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్.

ముసఖ్ఖన్ అంటే అరబిక్‌లో "వేడి చేసినది" అని అర్థం. తాబూన్ అనే మట్టి పొయ్యిలో, వేడి గులకరాళ్ల మీద రొట్టె కాలుస్తారు. రాళ్ల మీద కాలుతుంది కాబట్టి రొట్టె నిండా చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ రొట్టెని ఆలివ్ నూనెలో తడిపి, పైన నూనెలో మగ్గిన ఉల్లిపాయలు, సుమాక్, కాల్చిన కోడి పెట్టి మళ్లీ వేడి చేస్తారు. అదే ముసఖ్ఖన్. వెస్ట్ బ్యాంక్ ఉత్తరాన ఉన్న తుల్కరమ్, జెనిన్ వైపు దీనికి బాగా పేరు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆలివ్ కోత. గానుగ నుంచి కొత్త నూనె ఇంటికి రాగానే చేసుకునే వంట ఇది. కొత్త నూనె ఎలా ఉందో చూడ్డానికే చేస్తారన్నా తప్పులేదు. అంటే ఇందులో హీరో కోడి కాదు, నూనె. మనం కొత్త ఆవకాయ కలిపేటప్పుడు మొదటి ముద్దలో చికెన్ కర్రీ పోసుకోం కదా, అలాగన్నమాట.

ఇప్పుడు దినుసులు. ముందు సుమాక్. ఇది ఒక పొద చెట్టు కాయల పొడి. ముదురు ఎరుపు రంగు, పులుపు రుచి. ఆ పులుపు ఎక్కువగా మాలిక్ యాసిడ్ వల్ల వస్తుంది, పచ్చి యాపిల్‌లో ఉండేది కూడా అదే. ఇంకో సంగతి ఏంటంటే, సుమాక్ చెట్టు మన మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందినది. కాబట్టి జీడిపప్పు, పిస్తా పడని వాళ్లు సుమాక్‌తో కాస్త జాగ్రత్తగా ఉండండి. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి, చాలావాటిలో ఉప్పు కలిపి ఉంటుంది. అలాంటిదైతే వంటలో ఉప్పు తగ్గించండి. అస్సలు దొరక్కపోతే ఆమ్‌చూర్‌లో కొంచెం నిమ్మతొక్క తురుము కలిపి వాడండి. పులుపు వస్తుంది, కానీ ఆ రంగు, ఆ పండు వాసన రావు. చింతపండు మాత్రం వద్దు, తడి ఎక్కువై రొట్టె పాడవుతుంది.

రెండోది ఆల్‌స్పైస్. దీని దగ్గర అందరం బోల్తా పడతాం. పేరు చూసి "అన్ని మసాలాలు కలిపిన పొడి" అనుకుంటాం. కాదు. ఇది ఒకే చెట్టు కాయ, మిరియం కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. అమెరికా ఖండం వైపు నుంచి వచ్చింది. లవంగం, దాల్చిన చెక్క, జాజికాయ మూడూ కలిపిన వాసన వస్తుంది కాబట్టి ఆ పేరు. దీని బదులు గరం మసాలా వేశారనుకోండి, నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. దొరక్కపోతే చిటికెడు లవంగం పొడి, చిటికెడు జాజికాయ చాలు.

ఇక చేసే విధానం. నలుగురికి సరిపడా చెప్తున్నా. కిలోంపావు కోడి, స్కిన్‌తో, నాలుగు పెద్ద ముక్కలు. షాపులో అడక్కపోతే స్కిన్ తీసేస్తారు, ముందే చెప్పండి. రోస్ట్‌లో ముక్క ఎండిపోకుండా కాపాడేది ఆ స్కినే. సుమాక్ ఒక టేబుల్ స్పూన్, ఆల్‌స్పైస్ ఒక టీ స్పూన్, దాల్చిన చెక్క పొడి, మిరియాల పొడి అర టీ స్పూన్ చొప్పున, ఒకటిన్నర టీ స్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె. ఇవి పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత ఓవెన్ లేదా ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే ముక్క లోపల 74 డిగ్రీలు రావాలి. లేకపోతే తొడ దగ్గర కత్తితో గుచ్చి చూడండి, ఎర్రని నీరు రాకూడదు. ఓవెన్ లేదా? మూత పెట్టి సన్నని సెగ మీద, కొంచెం నీళ్లతో పూర్తిగా ఉడికించి, తర్వాత పెనం మీద స్కిన్ కిందకి పెట్టి కాల్చండి.

కోడి ఓవెన్‌లో ఉండగా ఉల్లిపాయలు. ఒక కిలో! అవును, కిలోనే. కొంచెం మందంగా తరిగి, 150 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, కాస్త ఉప్పు వేసి, సన్నని సెగ మీద మూత పెట్టి 35, 40 నిమిషాలు. బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా వేయించకూడదు. నేను చేసిన రెండో తప్పు అదే. ఉల్లిపాయ మాడితే చేదు వస్తుంది, ఆ చేదులో నూనె రుచి పోతుంది. మెత్తగా, తియ్యగా, గాజులా అయితే చాలు. స్టవ్ ఆపేసి అప్పుడు మూడు టేబుల్ స్పూన్ల సుమాక్ కలపండి. ఉల్లిపాయలు ముదురు ఎరుపు రంగుకి మారతాయి.

తాబూన్ రొట్టె మనకి దొరకదు. తందూరీ రోటీ గానీ, మందంగా ఉన్న నాన్ గానీ తీసుకోండి. పరోటా వద్దు, అందులో ఇప్పటికే నూనె ఉంటుంది. ఉల్లిపాయల్లో తేలిన నూనెలో రొట్టె ముంచి, ట్రేలో పరిచి, పైన ఉల్లిపాయలు, చికెన్, వేయించిన బాదం పలుకులు వేసి మళ్లీ ఓవెన్‌లో ఐదు నిమిషాలు. అక్కడ పైన్ గింజలు కూడా వేస్తారు, అవి ఖరీదు ఎక్కువ. స్పూన్లు పక్కన పెట్టి చేత్తో తినండి. వాళ్లూ చేత్తోనే తింటారు.

కారం ఏదీ అంటారా? ఈ వంటలో లేదు. కారం కావాలంటే పాలస్తీనాలోనే గాజా వంట ఉంది. పచ్చిమిర్చి, వెల్లుల్లి, మన సోయకూర బాగా వాడతారు. అది ఇంకో రోజు చెప్పుకుందాం.

చివరిగా జాతర్. మన ఊరి జాతర కాదండోయ్! కొండల మీద పెరిగే, వాము వాసన వచ్చే ఒక ఆకు ఇది. దాన్ని ఎండబెట్టి, నువ్వులు, సుమాక్, ఉప్పు కలిపిన పొడిని కూడా జాతర్ అనే అంటారు. ముసఖ్ఖన్‌లో ఇది వెయ్యరు, చాలామంది కలిపేసుకుంటారు. కానీ విడిగా ఒక ట్రే చికెన్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. చివరి ఐదు నిమిషాల్లో చల్లండి, ముందే వేస్తే నువ్వులు మాడిపోతాయి.

ఈ ఆకుకి ఒక కథ ఉంది. 1977లో ఇజ్రాయెల్ ప్రభుత్వం అడవి జాతర్‌ని రక్షిత మొక్కల జాబితాలో చేర్చి, కొయ్యడం నేరం చేసింది. ఎక్కువ కోసేస్తే మొక్క అంతరించిపోతుందని వాళ్లు చెప్పిన కారణం. తరతరాలుగా వేరు పీకకుండా ఆకే కోసుకుంటున్నాం కదా అని పాలస్తీనా వాళ్ల వాదన. కూరకి ఆకు కోసినందుకు జరిమానాలు, కేసులు. 2019లో సొంత వాడకానికి కొద్దిపాటి కోసుకోవడానికి సడలింపు వచ్చింది. దీని మీద జుమానా మన్నా అనే దర్శకురాలు 2022లో "ఫోరేజర్స్" అనే సినిమా తీశారు, వీలైతే చూడండి. గట్టు మీద గోంగూర కోసుకున్నందుకు మన అమ్మమ్మని ఎవరైనా ఆపి సంచి వెతికితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

అది తెలిశాక నాకు ఆ అర లీటరు సీసా అంటే ఏంటో అర్థమైంది. నేను మసాలాలో ముంచేసింది వాళ్ల ఇంటి చెట్ల ఏడాది పంట. ఇక్కడి సూపర్ మార్కెట్లో ఎన్ని సీసాలు కొన్నా అది తిరిగి రాదు.

తర్వాతి ఏడాది మళ్లీ చేశాను, ఈసారి కొన్న నూనెతో, ఆవిడ చెప్పినట్టే. ఒక రొట్టె పూర్తిగా తిని, "ఉల్లిపాయ సరిగ్గా వచ్చింది" అంది. నూనె గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

మీరు చేసేటప్పుడు ఒక్క పని చెయ్యండి. స్టవ్ వెలిగించక ముందు, రొట్టె ముక్క నూనెలో అద్ది ఊరికే తినండి. మంచి కొత్త నూనె అయితే గొంతులో కొంచెం మిరియంలా గుచ్చుతుంది. చివర్లో ప్లేటులో కూడా ఆ రుచి తగిలిందా, మీ ముసఖ్ఖన్ కుదిరినట్టే. తగల్లేదంటే ఏదో ఒకటి ఎక్కువేశారు.