గాలిదారిలో కావలి

నిప్పు లేనిదే పొగ రాదన్నది పెద్దల మాట. అందులోని అంతరార్థం జమ్మికుంట వాసులకు మరింత చక్కగా బోధపడుతుంది. కరీంనగర్ జిల్లాలోని ఈ పట్టణం పత్తి వ్యాపారానికి పేరెన్నిక గన్నది. పత్తిరాశి అడుగున చేరిన నిప్పురవ్వ వెంటనే మంటగా లేవదు, లోలోపలనే రగులుతుంది. మంట పైకి కనబడేసరికి పరిస్థితి చేయిదాటిపోతుంది. అందుచేత పత్తికి కావలి ఉండేవాడు మంటకై వేచి ఉండక, పొగను కనిపెట్టాలి.

బహుళ అంతస్తుల భవనాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. అగ్నిప్రమాదాలలో మంట చేరని చోటికి కూడా పొగ చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ రంగు, వాసన లేని విషవాయువు. మనిషిని స్పృహ తప్పించి ప్రాణం తీస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఉపాధికై నగరానికి వచ్చిన ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక అసువులు బాశారు.

దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు, హోటళ్లలో చల్లగాలిని గదిగదికీ చేరవేసేందుకు పైకప్పు కింద రేకు గొట్టాలు అమరుస్తారు. వీటినే డక్టులంటారు. ఒక పెద్ద ఫ్యాను గాలిని ఒక దారిలో గదులకు పంపి, మరొక దారిలో వెనుకకు తీసుకుంటుంది. ఒకచోట పుట్టిన పొగ ఈ దారిలో ప్రవేశిస్తే, ఆ ఫ్యానే దానిని గదులన్నింటికీ పంచిపెడుతుంది. ఊపిరిని మోసే దారియే మృత్యుమార్గమవుతుంది. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రి నేలమాళిగలో నిప్పంటుకున్నప్పుడు, పొగ ఏసీ డక్టుల గుండా కూడా పై అంతస్తులకు వ్యాపించింది. సుమారు 90 మంది మరణించారు. వారిలో అధికులు మంచం దిగలేని రోగులు.

ఈ అనర్థాన్ని అరికట్టేందుకే డక్టులకు స్మోక్ డిటెక్టర్లను అమరుస్తారు. రంధ్రాలున్న ఒక సన్నని గొట్టం డక్టులో అడ్డంగా ఉండి, ప్రవహించే గాలిలో కొంత భాగాన్ని వెలుపలి పెట్టెలోకి తెస్తుంది. ఆ పెట్టెలోని కాంతికిరణం పొగకణాలను తాకి చెదరగానే పరికరం హెచ్చరిక పంపి, ఫ్యానును ఆపుతుంది. డక్టులలోని తలుపుల వంటి డ్యాంపర్లు మూసుకొని పొగదారిని అడ్డగిస్తాయి. అమెరికా దేశపు 90ఎ ప్రమాణం ప్రకారం, నిమిషానికి 2000 ఘనపుటడుగులకు మించి గాలిని పంపే వ్యవస్థలలో ఫిల్టరు దాటిన తరువాత, శాఖలుగా చీలక ముందే ఈ పరికరం ఉండాలి. మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగవ భాగం అగ్నిరక్షణకు సంబంధించినది. అగ్నినిరోధక గోడలను డక్టులు దాటేచోట డ్యాంపర్లు ఉండాలని అది నిర్దేశించింది.

అయితే ఈ పరికరానికీ పరిమితులున్నాయి. ఫ్యాను ఆగి ఉన్నవేళ డక్టులో గాలి కదలదు. పొగ పరికరానికి అందదు. కాబట్టి గదుల పైకప్పుకు అమర్చే డిటెక్టర్లకు ఇది ప్రత్యామ్నాయం కాజాలదు. దుమ్ము, పత్తినూగు వంటివి చేరితే దాని పనితీరు దెబ్బతింటుంది. పొగ లేకున్నా గంట మోగుతుంది. మాటిమాటికీ మోగుతున్నదని విసుగు చెంది తీగను ఊడదీయడం కావలివానిని నిద్రపుచ్చడమే. శుభ్రపరచడమే అందుకు సరైన మార్గం. ఏడాదికొకసారైనా పరీక్షించి, గంట మోగుటయే గాక ఫ్యాను నిజంగా ఆగుతున్నదో లేదో చూడాలి.

మహాభారతంలో పాండవులు లాక్షాగృహ దహనం నుండి బయటపడినది విదురుని ముందస్తు హెచ్చరిక వలన, ఖనకుడు తవ్విన సొరంగం వలన. హెచ్చరికను విన్నారు గనుకనే సొరంగం సిద్ధమైంది. నేటి భవనాలలో విదురుని పాత్ర ఈ చిన్న పరికరానిది. దాని మాట వినే మెలకువ మాత్రం మనుషులదే.