లెక్కకు రాని ఆట

శంషాబాదు పరిసరములందలి ఖాళీస్థలములలో, విమానములు క్రిందికి దిగుచుండగా, సాయంకాలమున బాలురు క్రికెట్టు ఆడుచుందురు. అందఱికిని కావలసినది బ్యాటు. అది దొరకనిచో బంతి. ఊరక నిలిచి బంతిని ఆపుటకు ఎవడును ముందుకు రాడు. బాలుర మాట యటుంచుడు. పెద్దలును ఆటగాని విలువను పరుగులతోను, వికెట్లతోను మాత్రమే కొలుచుచుందురు.

ఈ కొలతకు అందని ఆటగాడు హైదరాబాదుననే యొకడు పుట్టెను. ఆయన సయ్యద్ ఆబిద్ అలీ (1941-2025). 1956లో పాఠశాలల జట్టున ఆడునప్పుడే ఉత్తమ ఫీల్డరని బహుమానమందెను. 1967 డిసెంబరులో ఆస్ట్రేలియాయందలి అడిలైడు నగరమున తన తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు పడగొట్టెను. అయినను 29 టెస్టులు, 1,018 పరుగులు, 47 వికెట్లు అను మొత్తపు లెక్కను చూచినవారు ఆయనను సామాన్యుడనియే తలంతురు.

ఆయన పని యెట్టిది? ఆనాటి భారత జట్టు బలమంతయు బేడి, ప్రసన్న, చంద్రశేఖర్, వేంకటరాఘవన్ అను స్పిన్ బౌలర్లయందుండెను. క్రొత్తబంతి నున్నగా నుండును. అది స్పిన్ బౌలరు వ్రేళ్ళకు చక్కగా పట్టుచిక్కదు. నేలపై బడి చాలినంత తిరుగదు. కావున ఆబిద్ అలీ మొదట కొన్ని ఓవర్లు వేసి, దాని నునుపు పోగొట్టి, బంతిని వారి కప్పగించి, తాను బ్యాట్స్‌మన్‌కు చేరువగా పోయి నిలుచుండెడివాడు. బ్యాటు అంచున తగిలి లేచిన బంతిని పట్టువాడు లేనిచో స్పిన్ బౌలరు నేర్పు వ్యర్థమే కదా! పట్టినను ఆ వికెట్టు బౌలరు పేరనే చేరును. టెస్టులలో ఆబిద్ అలీ పట్టిన క్యాచులు 32. ఆయన ఆపిన పరుగు లెన్నియో యే పుస్తకమునను కానరాదు. రాని పరుగును వ్రాయుటకు స్కోరు పుస్తకమున గడి లేదు.

ఈ చిక్కు క్రికెట్టునకే పరిమితము కాదు. బాస్కెట్‌బాల్ ఆటలో దూరమునుండి గురితప్పక బంతిని బుట్టలో వేయగలవాడొకడుండిన, వాడు బంతిని తాకకున్నను ప్రత్యర్థులలో ఒకడు వానిని కనిపెట్టుకొని యుండవలసినదే. అందుచే బుట్టక్రింద కాపలా పలుచనై, జట్టునందలి ప్రముఖునకు దారి యేర్పడును. పాయింట్లు ప్రముఖునివి, దారి కల్పించినవాని పేరు లెక్కలో నుండదు. 1997లో అమెరికా వృత్తి క్రీడాకారుల తుదిపోటీల యారవ ఆటలో, స్టీవ్ కెర్‌ను కనిపెట్టవలసినవాడు అతనిని విడిచి మైకేల్ జోర్డాన్ మీదికి పోయెను. జోర్డాన్ బంతిని కెర్‌కు అందించెను. కెర్ గురి తప్పలేదు. షికాగో జట్టు గెలిచెను. అతనిని విడిచిపోవుట యెంత పొరపాటో అప్పుడుగాని తెలియలేదు.

మరల మన హైదరాబాదు ఆటగాని మాటకు వత్తము. 1971 ఆగస్టు 24వ తేదీన లండనునందలి ఓవల్ మైదానమున, ఇంగ్లండు గడ్డపై భారత జట్టు తొలి టెస్టు విజయమునకు మూడు పరుగుల దూరమున నుండెను. అప్పుడే ఆరవ వికెట్టు పడెను. ఆబిద్ అలీ బ్యాటుతో వచ్చి ఫోరు కొట్టెను. ఆ విజయమనగానే అందఱును చంద్రశేఖర్ పడగొట్టిన 6 వికెట్లను తలంతురు, అది న్యాయమే. స్కోరు పుస్తకమున ఆ యిన్నింగ్సునకు ఆబిద్ అలీ పేరున నున్నవి 4 పరుగులు, నాటౌట్.