బొమ్మ విమానం మీద రంగుల అంచులు మసకగా ఎందుకుంటాయి?

మిగ్-21 యుద్ధవిమానం నమూనాను దగ్గరగా చూశారా పిల్లలూ? పైన ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు. ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనపడదు. కుంచెతో అలా రావడం చాలా కష్టం. మరెలా వేస్తారు?

ముందు ఆ మచ్చలెందుకో చూద్దాం. వానాకాలంలో జనగామ చుట్టుపక్కల నేలను పైనుంచి చూస్తే పచ్చటి పత్తి చేలు, మధ్యమధ్య ఎర్రటి చెల్కలు. అలాంటి చోట రేకు తళతళలాడుతూ నిలిచిన విమానం శత్రువు కంట ఇట్టే పడుతుంది. అందుకే పాకిస్తాన్‌తో జరిగిన 1971 యుద్ధంలో మన మిగ్-21లకు ఇలాంటి రంగులు పూశారు. మచ్చలు రెక్క అంచును ముక్కలు చేసేస్తాయి, ఆకారం కంటికి అందదు.

నమూనాకు రంగు వేసేది ఎయిర్‌బ్రష్, అంటే చేతిలో ఇమిడే పిచికారీ. అదెలా పనిచేస్తుందో చూడాలంటే, గ్లాసు నిండా నీళ్ళు పోసి పొట్టి స్ట్రా ముక్క నిలబెట్టండి. దాని పైకొస మీదుగా ఇంకో స్ట్రాతో గట్టిగా ఊదండి. నీళ్ళు పైకెక్కి తుంపరలవుతాయి! ఊదిన గాలి అక్కడి ఒత్తిడిని తగ్గిస్తుంది. గ్లాసులోని నీటిని చుట్టూ ఉన్న గాలి పైకి నెడుతుంది. ఎయిర్‌బ్రష్‌లో రంగు కూడా అలాగే వస్తుంది. లోపలి సన్నటి సూది వెనక్కి జరిగినకొద్దీ ఎక్కువ వస్తుంది.

దగ్గర నుంచి కొడితే సన్నగీత. దూరం జరిపితే తుంపర విచ్చుకుని అంచు మసకబారుతుంది. అసలు విమానం మీద 72 మిల్లీమీటర్ల మసక, 1/72 నమూనాలో 1 మిల్లీమీటరే! అందుకే రంగును బాగా పలచన చేసి, గాలి తగ్గించి, చాలా దగ్గరగా పెట్టి కొడతారు. రంగు చిక్కగా ఉంటే అంత తక్కువ గాలికి తుంపర కాదు, చుక్కలుగా చిందుతుంది.