వయ్యారిభామ

శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున నున్న మామిడిపల్లి పరిసరములలో బాటల అంచులను, ఖాళీ స్థలములను ఒకమారు పరికింపుడు. వానలు పడిన కొలది దినములకే కారెట్ ఆకులవంటి చీలిన ఆకులతో ఒక మొక్క నేలను అంటి గుండ్రముగా పరచుకొనును. అదియే వయ్యారిభామ. కొందరు దీనిని కాంగ్రెసు గడ్డి యందురు గాని, ఇది గడ్డిజాతి కాదు, చేమంతి కుటుంబములోనిది.

దీని ప్రజాతి పేరు పార్థీనియం. దాని పుట్టినిల్లు అమెరికా ఖండములు. అందు సుమారు 16 జాతులు కలవు. వానిలో గ్వాయూలే యను మెక్సికో పొద నుండి రబ్బరు తీయుదురు. వయ్యారిభామను మన దేశమున 1955లో పూనాలో గుర్తించిరి. తరువాత అది దేశమంతట వ్యాపించినది.

దీని తెల్లని చిన్న పువ్వు నిజమునకు ఒక పువ్వు కాదు. అనేక పుష్పకముల గుంపు. దీనిని శీర్షమందురు. అంచున అయిదు కిరణ పుష్పకములు, నడుమ అనేక బింబ పుష్పకములు ఉండును. నడిమివి పుప్పొడిని మాత్రమే ఇచ్చును. గింజ కట్టునవి అంచున నున్న అయిదే. అయిదు గింజలకే ఇంత వ్యాప్తి ఎట్లు కలిగెను? కొమ్మకొమ్మకు శీర్షములుండుటయే కారణము. మూడువేల శీర్షములున్న మొక్క 15,000 గింజలను రాల్చగలదు.

గడ్డిచేమంతి గింజకు తలపై నూగుకుచ్చు ఉండును. అది గాలిలో తేలిపోవును. వయ్యారిభామ గింజకు అట్టి కుచ్చు లేదు. అయినను, అది మిక్కిలి తేలికైనది. వాననీటితోను, బండ్ల చక్రములకు అంటిన బురదతోను, ఇండ్ల నిర్మాణమునకు తోలిన మట్టితోను దూరము పోవును.

ఈ మొక్కలో పార్థీనిన్ అను పదార్థము కలదు. మొక్కను తరచు తాకువారిలో కొందరికి చర్మముపై దద్దురులు, దురద కలుగును. పుప్పొడి వలన కొందరికి జలుబు, ఉబ్బసము వచ్చును. మేతలో కలిసినచో పశువుల పాలు చేదగును.

దీనిని తినునట్టి ఒక పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి, 1984లో బెంగుళూరులో విడిచిరి. అది వానకాలమున ఆకులను తినును గాని, ఎండలు ముదిరినపుడు మట్టిలో దాగును. కావున మన చేతిపనియు అవసరమే. మొలచిన నెల, నెలన్నరలోనే ఇది పూయును. పూతకు ముందే, నేల తడిగా నున్నపుడు, చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో సహా పెరుకవలెను. పూసిన పిదప పెరికినచో, గింజలను మనమే చల్లినవారమగుదుము.